మాయాబందర్ నుంచి కాలేజీ దాకా

బందరు అనగానే తెలుగువాళ్లకు మచిలీపట్నం గుర్తొస్తుంది. బంగాళాఖాతం దాటితే ఇంకో బందరు ఉంది. మధ్య అండమాన్ ఉత్తరపు కొసన ఉన్న మాయాబందర్ అది. 1925లో బర్మా నుంచి వచ్చిన కరెన్ కుటుంబాలు దీని దగ్గరే వెబీ అనే ఊరు కట్టుకున్నాయి. 2006లో ఉత్తర, మధ్య అండమాన్ జిల్లా ఏర్పడ్డాక మాయాబందరే జిల్లా కేంద్రమైంది.

ఇక్కడ పన్నెండో తరగతి గట్టెక్కిన పిల్లల బెంగ గురించి చెప్పాలంటే పుస్తకాల కంటే ముందు సముద్రం గురించి చెప్పాలి.

1967లో పోర్ట్ బ్లెయిర్‌లో జవహర్‌లాల్ నెహ్రూ రాజ్‌కీయ (ప్రభుత్వ) మహావిద్యాలయ మొదలైంది. ఆ పట్నం పేరు 2024 నుంచి శ్రీ విజయపురం. మాయాబందర్ నుంచి అది 200 కిలోమీటర్లకు పైనే. అండమాన్ ట్రంక్ రోడ్డు ఇంకా పూర్తికాని ఆ రోజుల్లో ఓడే దిక్కు. అంటే డిగ్రీలో చేరడమంటే ఇల్లు విడవడమే. చదువు భయం, ఊరు కాని ఊరి భయం, అమ్మానాన్న మోయాల్సిన ఖర్చు, ఈ మూడూ పదిహేడేళ్ల పిల్ల మీద ఒకేసారి పడేవి.

1990లో మాయాబందర్‌లోనే మహాత్మా గాంధీ ప్రభుత్వ కళాశాల తెరిచారు. పాండిచ్చేరి విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడుస్తూ వచ్చిన ఈ చిన్న కాలేజీ చేసిన మేలు తక్కువది కాదు. చుట్టుపక్కల పిల్లలకు పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికి రాగల డిగ్రీ చదువు దొరికింది. మానసిక ఒత్తిడి తగ్గించే పథకమని దాన్ని ఎవరూ పిలవలేదు. అయినా ఆ ప్రాంతంలో అంత పని చేసింది ఇంకోటి లేదేమో.

అక్కడ లేని కోర్సు కావాలంటే మాత్రం పాత దూరం మళ్లీ ఎదురొస్తుంది. రోడ్డున పోతే జార్వా ఆదివాసుల రిజర్వ్ దగ్గర ఆగి, నిర్ణీత వేళల్లో కదిలే కాన్వాయ్‌లో కలవాలి. పోర్ట్ బ్లెయిర్ చేరాక విశాఖపట్నానికి ఓడలో రెండు రోజులకు పైనే. 2015లో పోర్ట్ బ్లెయిర్‌లో వైద్య కళాశాల మొదలయ్యేవరకు డాక్టర్ చదువుకు ద్వీపం దాటడం తప్పలేదు.

తెలుగు ఇళ్లలో ఇంకో ముడి ఉంది. 2011 లెక్కల్లో ఈ ద్వీపాల జనాభాలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. పెద్దలకు సొంతూరు శ్రీకాకుళమో విశాఖో. అయినా ద్వీపంలోనే పుట్టి, సీబీఎస్‌ఈ బడిలో చదివిన పిల్లాడు ఆంధ్ర కాలేజీల్లో ‘లోకల్’ కాడు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి, స్థానికతకు కొలమానం అక్కడి చదువు లేదా నివాసం. తాతల ఊళ్లోనే పరాయివాడయ్యానన్న బాధ పసి మనసుకు చిన్నది కాదు. ఈ సంగతి దరఖాస్తు నింపే రోజున తెలిస్తే గుండె జారిపోతుంది. తొమ్మిదో తరగతిలోనే చెబితే వేరే దారి వెతుక్కునే సమయం ఉంటుంది.

దరఖాస్తులు ఆన్‌లైన్ అయ్యాక దూరం వేరే రూపంలో తిరిగొచ్చింది. 2020 ఆగస్టు 10న ప్రారంభమైన చెన్నై-అండమాన్ సముద్రగర్భ కేబుల్ సుమారు 2,300 కిలోమీటర్లు సాగి, మాయాబందర్‌కు దక్షిణాన ఉన్న రంగత్‌ను కూడా కలిపింది. అంతకుముందు ఈ ద్వీపాలు ఎక్కువగా ఉపగ్రహ ఇంటర్నెట్ మీదే బతికాయి. ఆఖరి తేదీ రాత్రి పేజీ తెరుచుకోకపోతే తప్పు పిల్లలది కాదు. అయినా తిట్లు పడేది వాళ్లకే.

అసలు పరీక్షా వ్యవస్థ బరువును పిల్లలు తమ తప్పుగా మోయడం ఎంత ప్రమాదమో 2019 ఏప్రిల్‌లో తెలంగాణ చూసింది. ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లిన ఆ నెలలో 20 మంది దాకా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాతే ఫెయిలైనవారి జవాబు పత్రాలను ఉచితంగా మళ్లీ పరిశీలించారు.

2020 జూలైలో కేంద్రం విద్యార్థుల కోసం ‘మనోదర్పణ్’ అనే మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టింది. 2022 అక్టోబరు 10న వచ్చిన మానసిక సహాయ లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే పగలూ రాత్రీ ఉచితంగా మాట్లాడతారు, తెలుగులో కూడా. బడి గోడ మీద ఈ నంబరు రాసి ఉండాలి. దాని పక్కనే దరఖాస్తుల తేదీలు, ఓడల తేదీలు కూడా.