బీజాపూరు రోడ్డు ఉస్తాదుల కార్బొరేటరు విద్య

హైదరాబాదునుండి పడమరగా లంగర్‌హౌజు దాటి, నిజాముల నాటి మఱ్ఱిచెట్లు ఇరువైపుల ఊడలు దింపుకొని నిలిచిన బీజాపూరు రోడ్డుమీద మొయినాబాదునకును చేవెళ్లకును పోవు పథికుడు, 1908 మూసీ వరదల పిమ్మట నిర్మింపబడిన ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు జలాశయముల కథను, చిలుకూరు బాలాజీ ఆలయ వృత్తాంతమును ఎవరి నడిగినను తెలిసికొనగలడు. కాని ఆ రోడ్డు ప్రక్కనే రేకుల కప్పు క్రింద, నూనె మరకల నేలమీద గొంతుకూర్చుండి, వచ్చిన మోటారుసైకిలు రేసును రెండుమార్లు త్రిప్పి వినినంతనే దాని దోషమును చెప్పగల మెకానిక్కుల విద్య ఎట్లు పెరిగినదో చెప్పువారు అరుదు. ఏండ్ల తరబడి తిరిగి అరిగిన బండి, రేసు ఇచ్చినపుడు ముందుకు దూకక ఒక్క క్షణము తటపటాయించుట ఏలనో నిర్ణయించుట ఆ విద్యలో మిక్కిలి సూక్ష్మమైన భాగమని నా అభిప్రాయము.

హైదరాబాదు రాష్ట్రమున 1932లో నిజాము రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో ప్రారంభమైన నాటికే పెట్రోలు యంత్రములను విప్పి కూర్చు పని ఒక జీవనోపాధిగా రూపొందుచుండెను. ఉస్తాదు వద్ద చేరిన బాలుడు తొలుత పానాలందించుచు, పిదప ప్లగ్గులు గీకుచు, కొన్ని ఏండ్లు గడచిన పిమ్మట గాని కార్బొరేటరును విప్పు అనుమతి పొందని ఆ పద్ధతియే నగరమునుండి రోడ్డు వెంబడి పల్లెలకు సాగినది. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డు బుల్లెట్టు, 1960 దశకపు తొలి సంవత్సరములలో మైసూరున జావా, ఫరీదాబాదున రాజ్‌దూతు తయారగుట మొదలైన తరువాత, పాలక్యానులు మోయుటకు రాజ్‌దూతును, హోదాకు బుల్లెట్టును కొనినవారి బండ్లు ఈ ఉస్తాదుల ముంగిటికి చేరినవి. క్రొత్త బండికి పేరు వ్రాయించుకొని ఏండ్లు వేచియుండవలసిన ఆ కాలమున పాత బండిని పారవైచు ప్రసక్తియే లేకుండెను, బాగుచేయుటయే గతి. ఆ నిర్బంధమే ఈ విద్యకు పదును పెట్టినది.

దోష మెట్లు కలుగునో తెలియుటకు పరికరము నెరుగవలయును. 1893లో హంగరీ దేశీయులు దోనాత్ బాంకి, యానోష్ చోంకా పేటెంటు పొందిన సూత్రముననే మన బండ్ల కార్బొరేటరు పనిచేయుచున్నది: ఇరుకైన కంఠమున గాలి వేగముగా పోవునపుడు అచట పీడనము తగ్గును, ఆ తగ్గుదల ఫ్లోటు గిన్నెలోని పెట్రోలును జెట్టు ద్వారా పైకి లాగి తుంపరగా చల్లును. ఒక పాలు పెట్రోలు పూర్తిగా దహించుటకు తూకమున 14.7 పాళ్ల గాలి కావలయును. రేసు త్రిప్పినపుడు ఆ కంఠమును మూసియుండు స్లైడు పైకి లేచి దారి విశాలమగును. గాలి తేలిక గనుక తక్షణమే చొచ్చుకొనిపోవును, పెట్రోలు బరువు గనుక వెనుకబడును. మంచి స్థితిలో నున్న బండిలో ఈ వెలితి రౌతునకు తెలియదు, ఏలయన స్లైడు అడుగున కోసిన వంపు, స్లైడునుండి జెట్టులోనికి దిగిన సూది వాలు, పైలట్ జెట్టు రంధ్రము ఈ మూడును దానిని పూరించునట్లు ముందుగనే కొలవబడియుండును. ఆ కొలతలలో ఏది తప్పినను బండి ఊపిరి బిగబట్టును.

"జర రేసియ్యంగనే దమ్ము తీస్కుంటుందే అన్నా" అని రైతు బండిని నిలిపినపుడు, ఎరిగిన ఉస్తాదు పానా ముట్టడు, "ఎంత రేసుకు?" అని అడుగును. ఆ ప్రశ్నలోనే సగము నిర్ణయము కలదు. పిడి తిరుగుడులో మొదటి ఎనిమిదవ వంతు పైలట్ జెట్టుది. అటుపై పావు వంతు వరకు స్లైడు వంపుది. పావునుండి ముప్పావు వరకు సూదిది. ఆపైన మెయిన్ జెట్టుది. తరువాత చోకు పరీక్ష: చోకు కొంచెము లాగినపుడు తటపటాయింపు తగ్గినచో పెట్రోలు చాలుటలేదనియు, హెచ్చినచో పెట్రోలు మిక్కుటమైనదనియు గ్రహింతురు. పిదప ప్లగ్గు విప్పి రంగు చూతురు. తెలుపు మొదటి దానికి, మసి నలుపు రెండవ దానికి సాక్ష్యము, లేత గోధుమరంగు ఆరోగ్యము. ట్యాంకు మూతనున్న గాలిరంధ్రము పూడినదేమోయని మూత వదులుచేసి నడిపి చూతురు. మ్యానిఫోల్డు రబ్బరు పగిలినదన్న అనుమానము కలిగినపుడు, ఇంజను నడుచుచుండగా ఆ అతుకుమీద సబ్బునీరు చిలికి, స్లో రన్నింగు మారినచో గాలి దొంగదారిన పోవుచున్నదని తేల్చుదురు. ఇవన్నియు కార్బొరేటరును విప్పకయే.

ఇట కొందరు త్వరపడువారిని గూర్చి చెప్పక తప్పదు. తటపటాయింపన్నంతనే కార్బొరేటరు విప్పి, పైలట్ జెట్టులో గట్టి ఇనుపతీగ దూర్చి త్రిప్పుట వలన ఎన్ని మంచి బండ్లు చెడినవో లెక్కలేదు. ఆ రంధ్రము మిల్లీమీటరులో పదవ వంతులతో కొలువదగినది. ఇత్తడి మెత్తని లోహము. ఒక్క గీత పడినను కొలత శాశ్వతముగా పోవును. పైగా దోషము పెట్రోలుదే కానవసరము లేదు. నిప్పురవ్వకు పాయింట్లు గల బండిలో వాని ఎడము చెడినను, కండెన్సరు బలహీనమైనను, రేసు హఠాత్తుగా తెరచినపుడు ఒత్తిడి హెచ్చి నిప్పురవ్వ ఆరిపోవును. ఆ లక్షణము పెట్రోలు కరవును అచ్చముగా పోలియుండును. కనుకనే పెద్ద ఉస్తాదులు శిష్యులకు మొదట పాయింట్లు, తరువాత వాల్వుల సందు, కట్టకడపట కార్బొరేటరు అను క్రమమును నేర్పిరి. ఈ క్రమము నాకు శాస్త్రముగనే తోచును.

ఈ ప్రాంతపు బండ్లకు ప్రత్యేకమైన అరుగుదల యొకటి కలదు. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరుల పరీవాహక ప్రాంతమును కాపాడుటకై 1996లో వెలువడిన 111వ జీవో 84 గ్రామములలో పరిశ్రమలను, భారీ కట్టడములను నిరోధించుటచే మొయినాబాదు, చేవెళ్ల పరిసరములు నగరమున కింత చేరువలో నుండియు చిరకాలము సేద్యపు నేలగనే నిలిచినవి. కూరగాయల మూటలు, పూలగంపలు, పాలక్యానులు వెనుక కట్టుకొని, తెల్లవారకముందే మెహిదీపట్నము వైపు, గుడిమల్కాపూరు వైపు బండ్లు పోవును. అట్టి బరువుతో పోవు బండి ఏనాడును నిండు రేసు చూడదు, స్లో రన్నింగునను నిలువదు. దాని జీవితమంతయు పావు రేసుకును సగము రేసుకును నడుమనే గడచును. ఆ మేరలోనే సూది తన జెట్టులో అదరుచు, ఒరయుచు, రంధ్రమును కోడిగ్రుడ్డు ఆకారమునకు తెచ్చును. అపుడు పెట్రోలు హెచ్చుగా పడును, పొగ నల్లనగును, బండి బరువెక్కినట్లు లేచును. యజమాని పెట్రోలు చాలుటలేదని భ్రమపడును. చోకు లాగినపుడు దోషము పెరుగుటచే ఉస్తాదు నిజము గ్రహించును. సూదిని, జెట్టును రెంటిని జంటగా మార్చినగాని ఈ దోషము తీరదు. ఒక్క సూదిని మార్చి డబ్బు పుచ్చుకొనుట అన్యాయము. స్లైడు అరిగిన బండిలో ఇందుకు విపర్యయము జరుగును: ప్రక్కలనుండి గాలి దూరి మొదటి కొద్ది రేసుననే పెట్రోలు కరవగును, చెవి పెట్టి వినువారికి స్లైడు టకటక వినబడును.

1984, 1985 సంవత్సరములలో జపాను సహకారముతో ఇండ్-సుజుకి, హీరో హోండా, యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చినపుడు మికూని, కైహిన్ కార్బొరేటర్లు వెంటవచ్చినవి. పాయింట్లు క్రమముగా తొలగెను. అనుమానింపవలసిన వానిలో ఒకటి తగ్గెను. కిరసనాయిలు కల్తీ పెట్రోలు మాత్రము చాలకాలము ఉస్తాదులను వేధించినది. ప్లగ్గు మసిబారుట కార్బొరేటరు తప్పో, పెట్రోలు తప్పో తేల్చుటకు వారు గిన్నెలోని పెట్రోలును అరచేత వేసికొని ఆరనిచ్చి, జిడ్డు మిగిలినదేమో చూచెడివారు.

2020 ఏప్రిలు 1నుండి బీఎస్-6 నియమములు వచ్చుటతో క్రొత్త మోటారుసైకిళ్లలో కార్బొరేటరు స్థానమును ఫ్యూయల్ ఇంజెక్షను ఆక్రమించినది; స్కానరు దోషసంఖ్యను చూపును, వినవలసిన పని తగ్గినది. కాని ఇప్పటికిని ఈ రోడ్డుమీద కూరగాయలు మోయుచున్న పాత స్ప్లెండర్లకు ఇటీవల క్రొత్త కారణమున పాత జబ్బే వచ్చుచున్నది. 2023 నుండి దశలవారీగా పెట్రోలున 20 శాతము ఇథనాలు కలుపుట వ్యాపించినది. ఒక పాలు ఇథనాలు దహించుటకు 9 పాళ్ల గాలియే చాలును గనుక, పాత జెట్టు కొలతకు మిశ్రమము పలుచబడి బండి తటపటాయించును. పాత రబ్బర్లు ఉబ్బును. ట్యాంకులో నీరు చేరిన ఇథనాలు విడివడి అడుగున నిలుచును. రబ్బర్లు మార్చి, గిన్నె కడిగి, సూది క్లిప్పును ఒక్క గాడి క్రిందికి దింపి సూదిని పైకి లేపుటతో ఆ వెలితి చాలవరకు తీరునని ఉస్తాదులు చేతులతోనే కనుగొనిరి.