వశిష్ట ఒడ్డున ఒక కెమిస్ట్రీ ల్యాబు

మా నరసాపురం వాళ్లకి మే నెలంటే ఉప్పునీళ్ల నెల. ఎండాకాలంలో డెల్టా కాలువలు కట్టేస్తారు. వశిష్టలోకి పైనుంచి వచ్చే నీరు సన్నగిల్లుతుంది. అంతర్వేది దగ్గర సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఉప్పునీరు ఎగదన్నుకుని మా రేవు దాకా వస్తుంది. సఖినేటిపల్లి వెళ్లే పంటు మీద నిలబడి, వేలు నీళ్లలో ముంచి నాలుక్కి తగిలించుకుంటే చాలు, తెలిసిపోతుంది. జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలేదాకా ఊరి మంచినీళ్ల చెరువులే దిక్కు. కాలేజీలు తెరిచేదీ ఆ రోజుల్లోనే. అందుకే ఈ ఊళ్లో కెమిస్ట్రీ చదువు కథ చెప్పాలంటే నీళ్ల దగ్గరే మొదలుపెట్టాలి.

పదిహేడో శతాబ్దంలోనే ఇక్కడ ఓడలు కట్టేవారు. డచ్చివాళ్లకి పాలకొల్లులోనూ, ఇంగ్లీషువాళ్లకి మన పక్కనే ఉన్న మాధవాయపాలెంలోనూ గిడ్డంగులుండేవి. ఇక్కడి నూలుబట్ట సముద్రాలు దాటి పోయింది. ఈ తీరం పొడుగునా అద్దకం పనివాళ్లు చిరువేరుతో ఎరుపు, నీలిమందుతో నీలం పట్టించేవారు. ఎరుపు రంగు ఉతుకులకి పోకుండా ముందు బట్టని పటిక నీళ్లలో నానబెట్టేవారు. పటికలోని అల్యూమినియం ఇటు నూలునీ అటు రంగునీ కలిపి పట్టుకుంటుంది. అద్దకందార్లకి ఆ పేరు తెలియదు, పని మాత్రం తెలుసు.

బడి చదువు తర్వాత వచ్చింది. 1850ల్లో జి.ఎన్. టేలర్ అనే సబ్‌కలెక్టరు నరసాపురం, పాలకొల్లు, పెనుగొండ, ఆచంటల్లో బడులు పెట్టించాడు. వాటి ఖర్చుకి ఈ చుట్టుపక్కల రైతులు శిస్తుతో పాటు చదువు కోసం కొంత సొమ్ము కట్టడానికి ఒప్పుకున్నారు. మన్రో, మెకాలేల పేర్లు పాఠాల్లో వచ్చినంతగా ఈ రైతుల సంగతి రాదు. రావాలి. టేలర్ పేరు మా హైస్కూలుకి ఇప్పటికీ ఉంది.

డిగ్రీ చదువు కోసం మాత్రం మరో వందేళ్లు ఆగాల్సి వచ్చింది. యర్రమిల్లి నారాయణమూర్తి గారి పేరిట వై.ఎన్. కాలేజీ వెలిసింది 1949లో. అదే ఏడాది విశాఖపట్నంలోని వాల్తేరులో ఇంకో సంగతి జరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ విభాగాన్ని 1933 నుంచి నిలబెట్టిన టి.ఆర్. శేషాద్రి గారు ఆ ఏడే ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు. ఆయన ఉండిపోయి ఉంటే బాగుండేదని అనుకునేవాళ్లలో నేనొకణ్ణి. అయితే ఆయన పదహారేళ్లలో వేసిన పునాది వాల్తేరులోనే ఉండిపోయింది. దాని ఫలం కోస్తా కాలేజీలన్నిటికీ అందింది, మాకూ అందింది.

శేషాద్రి గారు కావేరి ఒడ్డు మనిషి. మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్‌సన్ దగ్గర పరిశోధన చేసి వచ్చారు. వాల్తేరులో ఆయన ఎంచుకున్న పదార్థాలు ఎక్కడో దొరికేవి కావు. పత్తిపువ్వుల్లోని పసుపు రంగు మీద ఆయనా, కె. నీలకంఠం గారూ కలిసి చేసిన పని చాలా పేరు తెచ్చింది. ఎస్. రంగస్వామి గారితో కలిసి కానుగ మీద పనిచేశారు. మా కాలువ గట్ల మీద నీడనిచ్చే చెట్టు, వైద్యానికీ వాడే చెట్టు. దాని గింజల్లోంచి పొంగమాల్ అనే పదార్థాన్ని వేరుచేసి, దాని నిర్మాణం తేల్చడానికి కృషి చేశారు. 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. విశ్వవిద్యాలయం భవనాలు సైన్యం చేతికి పోయాయి, విభాగం గుంటూరుకి తరలింది. అరువు గదుల్లోనూ పని ఆగలేదు. 1960లో ఆయన రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు.

మా కాలేజీ అప్పట్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కిందే ఉండేది. సిలబస్సు, ప్రశ్నపత్రం, ప్రాక్టికల్స్‌కి వచ్చే ఎగ్జామినరు, అన్నీ వాల్తేరు నీడలోవే. మా బ్యూరెట్ పనికి వాల్తేరులో అన్నలాంటి వారు జి. గోపాలరావు గారు. సోడియం వెనడేట్ వంటి ద్రావణాలతో ఆక్సీకరణ అంశమాపనాలు ఎలా చెయ్యాలో, వాటికి ఏ సూచిక నప్పుతుందో ఆయనా, ఆయన శిష్యులూ ప్రపంచ పత్రికల్లో వరసగా రాశారు. ఖరీదైన యంత్రాలు లేనిచోట గాజుగొట్టంతో, కంటితో ఎంత సూక్ష్మంగా కొలవవచ్చో చూపించారు. యంత్రాలు కొనే స్తోమత లేని చిన్న ఊరి ల్యాబులకి ఇంతకన్నా ధైర్యమిచ్చే పరిశోధన ఉండదు. 2006లో రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చాక గోదావరి కాలేజీలు అటు మారాయి. వై.ఎన్. కాలేజీ ఇప్పుడు స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాల.

ఇక ఒక ఏడాది ఎలా నడుస్తుందో చెబుతాను.

జూలై, ఆగస్టుల్లో గోదావరికి ఎర్రనీరు దిగుతుంది. కాలువలో, చెరువులో, బిందెలో అంతా ఎర్రమన్నే. మా నాయనమ్మ తరం వాళ్లు ఇండుపగింజని బిందె లోపలి గోడకి గరుకుగా అరగదీసి నీళ్లు పోసేవారు. దాన్నే కొందరు చిల్లగింజ అంటారు. తెల్లారేసరికి మన్ను అడుక్కి దిగేది. పటిక ముక్క తిప్పినా అంతే. మొదటి ఏడాది పిల్లలకి కొల్లాయిడ్ల పాఠం వచ్చేదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. మన్ను రేణువులన్నిటి మీదా ఒకే జాతి ఆవేశం ఉంటుంది కనుక అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలుతాయి. పటికలోని అల్యూమినియం అయాను ఆ ఆవేశాన్ని చల్లారుస్తుంది, రేణువులు గుంపు కట్టి కిందికి దిగుతాయి. బల్ల మీద రెండు గాజు గ్లాసులు పెట్టి, కాలువ నీళ్లు పోసి, ఒకదాంట్లో పటిక తిప్పి చూపిస్తే ఆ పాఠం జన్మలో మరిచిపోరు. చెప్పే మేస్టారికి ఆ ఓపిక ఉండాలి, అంతే.

తర్వాత లవణ విశ్లేషణ. కాగితం పొట్లంలో తెల్లపొడి ఇస్తారు, అందులో ఏముందో కనుక్కోవాలి. కిప్స్ పరికరం తిప్పగానే కుళ్లిన కోడిగుడ్డు కంపు గదంతా కొట్టేది. సాయంత్రం ఇంటికెళ్తే చొక్కా విప్పకముందే అమ్మ కనిపెట్టేసేది. ఇప్పుడు ఆ హైడ్రోజన్ సల్ఫైడ్ పని చాలాచోట్ల తగ్గించేశారు. ఆ వాయువు విషం, తగ్గించడమే మంచిది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది క్లోరైడ్ పరీక్ష. నీళ్లలో ఎంత ఉప్పుందో చెప్పేది అదే. శంఖాకారపు గాజుపాత్రలో నీళ్లు కొలిచి పోసి, పొటాషియం క్రోమేట్ చుక్కలు వేస్తే నిమ్మపండు పసుపు వస్తుంది. బ్యూరెట్‌లోంచి సిల్వర్ నైట్రేట్ చుక్క చుక్కా వదలాలి. చుక్క పడిన చోట ఎరుపు మెరిసి, పాత్రని తిప్పగానే మాయమవుతుంది. విరిగిన పాల లాంటి తెల్లటి పలుకులు పెరుగుతుంటాయి. క్లోరైడ్ అంతా అయిపోయిన క్షణాన, ఒక్క చుక్కకే, ద్రావణమంతా ఇటుకపొడి రంగుకి తిరుగుతుంది. అక్కడ ఆపాలి. ఒక్క చుక్క ఎక్కువైనా లెక్క పోయినట్టే. ఆ ద్రావణం వేలికి తగిలితే మచ్చ నల్లబడి కొన్నాళ్లదాకా వదలదు. వెండితో చేసిన మందు కాబట్టి ఖరీదెక్కువ, ల్యాబులో చుక్కలు లెక్కపెట్టుకుని వాడాల్సిందే. మంచినీళ్లలో క్లోరైడ్ లీటరుకి 250 మిల్లీగ్రాముల లోపు ఉండాలని మన దేశపు ప్రమాణం. సముద్రపు నీటిలో సుమారు 19,000 ఉంటుంది. మే నెలలో రేవు దగ్గర ముంచిన నీళ్లని పలచన చెయ్యకుండా పరీక్షకి పెడితే బ్యూరెట్ ఖాళీ అయినా రంగు తిరక్కపోవచ్చు. అదే రేవులో ఆగస్టు వరద నీటికి కొద్ది చుక్కలు చాలు. ఒకే ఊరి పిల్లలు ఒకే నది నీటిని నెలనెలా ఇలా కొలిస్తే అది నిజమైన పరిశోధన. దానికి డాక్టరేటు అక్కర్లేదు.

ఈ కొలతల అవసరం గత కొన్ని దశాబ్దాల్లో బాగా పెరిగింది. వరిచేలు చేపల చెరువులయ్యాయి, మొగల్తూరు వైపు రొయ్యల చెరువులయ్యాయి. 2009లో వనామి రొయ్యకి అనుమతి వచ్చాక ఆ జోరు ఇంకా హెచ్చింది. ఇవాళ రచ్చబండ మీద కూర్చున్న రైతు నోట డీఓ, పీహెచ్, సెలినిటీ అనే మాటలు అలవోకగా వస్తాయి. డీఓ అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్. పగలు నాచు ఎండలో ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే పీల్చుకుంటుంది. మబ్బు పట్టిన రోజైతే పగటి సంపాదనే తక్కువ, కనుక తెల్లవారుజామున నీళ్లలో ఊపిరాడక రొయ్య తేలిపోతుంది. ఏరియేటర్లు తిరిగేది అందుకే. కాలేజీలో దీన్ని వింక్లర్ పద్ధతిలో కొలుస్తారు. గాలి బుడగ లేకుండా సీసా నింపి, మాంగనీసు ద్రావణం, అయొడైడ్ కలిసిన క్షారం వేస్తే ఆక్సిజన్ ఉన్న నీటిలో గోధుమరంగు మడ్డి దిగుతుంది, లేని నీటిలో తెల్లగా ఉండిపోతుంది. ఆ తెలుపు చూస్తే రైతుబిడ్డకి కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టవుతుంది.

ఇంకో సంగతి రైతులు తప్పక తెలుసుకోవాలి. చెరువులో అమ్మోనియా పెరిగితే కంగారుగా సున్నం చల్లేవాళ్లున్నారు. సున్నం పీహెచ్‌ని పెంచుతుంది. పీహెచ్ పెరిగితే అంతగా హాని చెయ్యని అమ్మోనియం అయాను విషపు అమ్మోనియాగా మారుతుంది. ఎండ ముదిరిన మధ్యాహ్నం పీహెచ్ ఎలాగూ ఎక్కువే, అప్పుడు సున్నం వెయ్యడం ఇంకా ముప్పు. ఈ ఒక్క మాట పది ఊళ్లలో చెప్పినా కెమిస్ట్రీ చదివిన పిల్లలు ఊరి రుణం తీర్చుకున్నట్టే. ఉప్పునీటి చెరువు పక్కనే మంచినీళ్ల చెరువు, వరిచేను ఉన్నచోట ఊట ఎటు పోతోందో చెప్పగలిగేదీ ఆ క్లోరైడ్ పరీక్షే. ఊళ్లల్లో రైతుకీ రైతుకీ మధ్య తగువులు పడుతున్నది దీని మీదే. అరుపులకన్నా అంకె మేలు.

నేల కింది సంగతీ ఉంది. 1970ల చివర్లో నరసాపురం దగ్గర ఓఎన్‌జీసీ తవ్విన బావిలో గ్యాసు కనపడ్డాక కృష్ణా గోదావరి బేసిన్ పేరు దేశమంతా మోగింది. నది అవతల పాశర్లపూడిలో 1995 జనవరి 8న బావి పేలి 65 రోజులు మండింది. 2014 జూన్‌లో నగరం అనే ఊళ్లో గ్యాసు పైపులైను పేలి మనుషులు పోయారు. ఆ గ్యాసులోని మీథేన్ గాలిలో ఎంత శాతం ఉంటే అంటుకుంటుందన్న పాఠం, సుమారు 5 నుంచి 15 శాతం మధ్య, మాకు పరీక్షకి మాత్రమే పనికొచ్చే పాఠం కాదు.

ఫిబ్రవరి 28 సైన్సు దినోత్సవం. మాఘమాసంలో అంతర్వేది తీర్థం జనం రేవులో పోటెత్తి వెళ్లొచ్చాక, కాస్త అటూ ఇటూగా ఇది వస్తుంది. బడిపిల్లలకి చూపించడానికి పసుపు, సున్నం కన్నా గొప్ప ప్రయోగం నాకు కనపడలేదు. దిష్టి తీసే ఎర్రనీళ్లు ప్రతి ఇంట్లో కలిపేవే. అందులో నిమ్మరసం పిండితే ఎరుపు పోయి మళ్లీ పసుపు వస్తుంది. ఆమ్లం, క్షారం, సూచిక, మూడూ వంటింట్లోనే దొరికాయి. 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక వాళ్లు ఇలాంటివి ఊరూరా చూపించి, బాబాల మహిమల గుట్టు విప్పారు. వాళ్ల చెకుముకి పత్రిక చదివి సైన్సు వైపు వచ్చిన పిల్లలు ఈ జిల్లాల్లో చాలామంది.

భాష సంగతి ఒక్క మాట. 1968లో తెలుగు అకాడమీ వచ్చాక డిగ్రీ కెమిస్ట్రీ తెలుగులో చదువుకునే వీలు కలిగింది. మత్స్యకారుల ఇళ్ల నుంచి, లేసు అల్లే అమ్మల ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఉత్ప్రేరకం, సంయోజకత అంటూ అర్థం చేసుకుని పైకొచ్చారు. ఇప్పుడు ప్రభుత్వం డిగ్రీలో ఇంగ్లీషు మీడియం తెచ్చింది. ఉద్యోగాలకి అది కావాలి, కాదనను. ల్యాబులో మేస్టారు తెలుగులో విడమర్చి చెప్పడం మాత్రం ఆగకూడదు.

కొన్నేళ్లుగా రాష్ట్రంలో డిగ్రీ పిల్లలందరికీ ఊళ్లలోకి వెళ్లి చేసే సామాజిక సేవా ప్రాజెక్టు పెట్టారు. కెమిస్ట్రీ పిల్లలకి ఇంతకన్నా మంచి అవకాశం లేదు. సర్వే కాగితాలు నింపి ఊరుకోకుండా ప్రతి ఊరి మంచినీళ్ల చెరువు నుంచి ఒక సీసా నీళ్లు తెచ్చి క్లోరైడ్, కాఠిన్యం, పీహెచ్ కట్టాలి. ఆ అంకెలు తేదీతో సహా పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించాలి.

పాత విద్యార్థులకి నా మనవి ఇది. 1950 నుంచి ఇక్కడ కెమిస్ట్రీ చదివిన ప్రతి ఒక్కరూ ప్రాక్టికల్ రికార్డు రాశారు. వాటిలో కాలువ నీళ్లు, నుయ్యి నీళ్లు, రేవు నీళ్లు పరీక్షించిన పేజీలు కొన్నయినా ఉండి తీరతాయి. తేదీ, చోటు రాసి ఉన్న ఒక్క పేజీ అయినా యాభై ఏళ్ల నాటి మన నీటికి సాక్ష్యం. మీ ఇంట్లో అటక మీద అలాంటి రికార్డు ఉంటే తూకానికి వెయ్యకండి. తెచ్చి కాలేజీ లైబ్రరీలో ఇవ్వండి, ఆ పేజీ ఫొటో అయినా తీసి పంపండి.