బ్రూక్లిన్ టీమ్ లాస్ ఏంజెలెస్‌కి ఎలా వెళ్లిపోయింది? డాడ్జర్స్ కథ

1957 సెప్టెంబర్ 24, రాత్రి. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఎబెట్స్ ఫీల్డ్ అనే బేస్‌బాల్ గ్రౌండ్. సొంత టీమ్ బ్రూక్లిన్ డాడ్జర్స్ 2-0తో గెలిచింది. ముప్పై వేల మందికి పైగా పట్టే ఆ గ్రౌండ్‌లో ఆ రాత్రి ఉన్నది 6,702 మంది. టీమ్ ఊరు వదిలి వెళ్లిపోతోందని అధికారికంగా ఎవరూ చెప్పలేదు, కానీ అందరికీ అర్థమైపోయింది. గ్రౌండ్‌లో ఆర్గన్ వాయించే గ్లాడిస్ గూడింగ్ ఆ రోజు వీడ్కోలు పాటలే వాయించారు. రెండు వారాలకి, అక్టోబర్ 8న, ప్రకటన వచ్చేసింది. టీమ్ లాస్ ఏంజెలెస్‌కి వెళ్తోంది.

బేస్‌బాల్ రూల్స్ తెలియకపోయినా పర్లేదు, ఈ కథకి అవి అక్కర్లేదు. ఫ్రాంచైజీ అంటే ఏంటో తెలిస్తే చాలు. ఐపీఎల్ పుణ్యమా అని ఆ మాట మనకి బాగానే తెలుసు. 2009లో కప్పు కొట్టిన డెక్కన్ చార్జర్స్, 2012 తర్వాత ఆ పేరే లేకుండా పోయింది కదా! అమెరికాలో కూడా అంతే. ఫలానా ఊళ్లో ఆడుకునే హక్కుని లీగ్ ఒక ఓనర్‌కి ఇస్తుంది. మిగతా ఓనర్లు సరేనంటే ఆ హక్కు ఇంకో ఊరికి మారుతుంది. అభిమానిని అడిగేవాళ్లు ఎక్కడా లేరు.

ఈ టీమ్‌కీ ఊరికీ ఉన్న సంబంధం పేరులోనే ఉంది. బ్రూక్లిన్ వీధుల్లో ట్రామ్ బళ్లు ఎక్కువ. వాటికి అడ్డం పడకుండా తప్పుకుంటూ నడిచేవాళ్లు కాబట్టి అక్కడి జనాన్ని ‘ట్రాలీ డాడ్జర్స్’ అనేవాళ్లు. అదే టీమ్ పేరైంది. నల్లజాతి ఆటగాళ్లని దాదాపు అరవై ఏళ్లు బయటే ఉంచిన పెద్ద లీగ్‌లోకి 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ అడుగుపెట్టింది ఈ టీమ్ తరఫునే, ఈ గ్రౌండ్‌లోనే. ఇక ఫైనల్స్ అంటారా, పక్కనే ఉన్న యాంకీస్ చేతిలో ఐదుసార్లు ఓడారు. ఓడినప్పుడల్లా ‘వచ్చే ఏడు చూసుకుందాం’ అనుకోవడమే. చివరికి 1955లో అదే యాంకీస్ మీద గెలిచారు. ఆ తర్వాత రెండేళ్లకే టీమ్ లేదు.

మరి ఎందుకు వెళ్లింది? టీమ్ నష్టాల్లో లేదండీ. అదీ అసలు పాయింట్. ఓనర్ వాల్టర్ ఓమాలీ లాయర్, లెక్కల మనిషి. 1913లో కట్టిన స్టేడియం పాతబడింది. కార్లు పెట్టుకోవడానికి ఏడు వందల చోటు కూడా కష్టమే. అభిమానులేమో కార్లు కొనుక్కుని శివార్లకి మారిపోతున్నారు. అదే టైంలో, 1953లో బోస్టన్ నుంచి మిల్వాకీకి మారిన బ్రేవ్స్ టీమ్ టికెట్లు 20 లక్షలు దాటిపోతుంటే, 1957లో డాడ్జర్స్‌కి వచ్చినవి 10 లక్షల పైచిలుకు. ఓమాలీ నిద్ర పట్టకుండా చూసుకున్న లెక్క ఇదే అనుకుంటా.

బ్రూక్లిన్‌లోనే అట్లాంటిక్, ఫ్లాట్‌బుష్ రోడ్లు కలిసే దగ్గర సొంత డబ్బుతో కొత్త స్టేడియం కడతానన్నాడు. కానీ అక్కడి స్థలాన్ని భూసేకరణ చేసి ఇప్పించాల్సింది ప్రభుత్వం. న్యూయార్క్‌లో నిర్మాణాలన్నిటినీ చేతిలో పెట్టుకున్న అధికారి రాబర్ట్ మోజెస్ కుదరదన్నాడు. ప్రైవేట్ స్టేడియం కోసం జనం భూమి తీసుకోవడమేంటి, కావాలంటే క్వీన్స్‌లో కట్టుకో అన్నాడు. అక్కడికి వెళ్తే అది బ్రూక్లిన్ టీమ్ ఎలా అవుతుంది అన్నాడు ఓమాలీ. బ్రూక్లిన్ పెద్దవాళ్లు దశాబ్దాల పాటు ఓమాలీనే తిట్టుకున్నారు. నన్నడిగితే ఆ తిట్లలో సగం మోజెస్‌కి వెళ్లాలి. కానీ భూమి గురించి ఆయన అన్న మాట తీసిపారేసేది కాదు. ఎందుకో చూడండి.

లాస్ ఏంజెలెస్‌లో చావెజ్ రవీన్ అనే లోయ ఉండేది. మూడు చిన్న పేటలు, ఎక్కువగా మెక్సికన్ అమెరికన్ కుటుంబాలు. 1950ల మొదట్లో పేదలకి ప్రభుత్వ ఇళ్లు కడతామని చెప్పి వాళ్లని ఖాళీ చేయించడం మొదలుపెట్టారు. తర్వాత ఆ ఇళ్ల ప్రాజెక్టే రద్దయింది. ఖాళీ అయిన భూమి నగరపాలిక చేతిలో మిగిలింది. దాన్నే ఓమాలీకి ఇవ్వజూపారు. 1958లో దీని మీద ప్రజా ఓటింగ్ కూడా పెట్టారు, కొద్ది తేడాతో ఒప్పందమే గెలిచింది. 1959 మే 8న, ఇంకా కదలని అరెచిగా కుటుంబాన్ని పోలీసులు ఇంట్లోంచి లాగేశారు. ఒకావిడని కాళ్లూ చేతులూ పట్టుకుని మోసుకుపోతున్న ఫోటో ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. వెంటనే ఇల్లు బుల్‌డోజర్‌తో కూల్చేశారు. మూడేళ్లకి, 1962 ఏప్రిల్‌లో, అక్కడ డాడ్జర్ స్టేడియం తెరిచారు. 56 వేల సీట్లు, కొండచరియ మీద కార్ల కోసం మైదానాలు. ఓమాలీకి కావల్సిందంతా దొరికింది.

బ్రూక్లిన్‌లో ఎబెట్స్ ఫీల్డ్‌ని 1960లో పడగొట్టారు. కూల్చే ఇనపగుండుకి బేస్‌బాల్‌లా రంగు వేశారు! ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు.

డబ్బు సంగతి రెండు ముక్కల్లో. ఓమాలీ కుటుంబం 1998లో టీమ్‌ని 30 కోట్ల డాలర్ల పైచిలుకుకి అమ్మింది. 2011లో అదే టీమ్ దివాలా కోర్టుకెక్కింది. మరుసటి ఏడే 200 కోట్ల డాలర్లకి పైగా పలికింది. టీవీ హక్కుల మహిమ.

చావెజ్ రవీన్ కుటుంబాల్లో చాలామంది ఆ స్టేడియం గడప తొక్కమనే ఉండిపోయారు. 1981లో ఫెర్నాండో వలెన్సువెలా అనే ఇరవై ఏళ్ల మెక్సికన్ కుర్రాడు పిచర్‌గా చెలరేగాడు. అతన్ని చూడ్డానికి మెక్సికన్ అమెరికన్లు వేలకి వేలు వచ్చారు, టీమ్ కప్పు కూడా కొట్టింది. అంతమాత్రాన అందరూ మర్చిపోలేదు. ఆ పేటల వారసులకి పరిహారం కోసం కాలిఫోర్నియా చట్టసభ 2024లో బిల్లు పాస్ చేసింది. గవర్నర్ వీటో చేశారు. కొన్ని వారాలకే డాడ్జర్స్ మళ్లీ ఛాంపియన్లయ్యారు, ఫైనల్లో ఓడించింది ఎవర్నో తెలుసా? యాంకీస్‌నే.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. మళ్లీ కలుద్దాం.