బ్రిటన్ ఇండ్లలో బ్రహ్మకమలం పెంపకం

మన ఇండ్లలో బ్రహ్మకమలమని పిలిచే మొక్క వేసవి రాత్రులలో తెల్లని, సువాసనగల పెద్ద పువ్వులు పూస్తుంది. చీకటి పడ్డాక విచ్చిన పువ్వు తెల్లవారేసరికి వాడిపోతుంది.

పేరు, పుట్టుక

అసలు బ్రహ్మకమలం హిమాలయాలలో పెరిగే వేరొక మొక్క. అది ఉత్తరాఖండ్ రాష్ట్రపుష్పం. మన కుండీలలోనిది నాగజెముడు చేరిన కాక్టస్ కుటుంబానికి చెందినది. దాని శాస్త్రీయ నామం ఎపిఫిల్లం ఆక్సిపెటాలం. జన్మస్థలం మెక్సికో, మధ్య అమెరికా అడవులు. అక్కడ అది చెట్ల కొమ్మలను ఆశ్రయించి నీడలో బ్రతుకుతుంది. అందువలన హిమాలయపు మొక్క అనుకొని చలిలో విడువరాదు. ఎడారి మొక్క అనుకొని ఎండలో మాడ్చరాదు.

వెలుతురు, మట్టి

తూర్పు కిటికీ దీనికి శ్రేష్ఠం. దక్షిణపు కిటికీ అయితే మధ్యాహ్నపు ఎండకు పలుచని తెర కట్టాలి. సాధారణ కంపోస్టులో ఆర్కిడ్ మొక్కలకు వాడే బెరడు ముక్కలు కలిపితే నీరు నిలువదు. కుండీ కొంత ఇరుకుగా ఉంటేనే బాగా పూస్తుంది.

నీరు, ఎరువు

వేసవిలో పైమట్టి ఆరిన తరువాత నిండుగా నీరు పోయాలి. పళ్లెంలో మిగిలిన నీటిని పారబోయాలి. వాననీరు మంచిది. వసంతం నుండి వేసవి చివరి వరకు రెండు వారాలకొకసారి టమాటా మొక్కల ద్రవ ఎరువును పలుచగా కలిపి ఇవ్వవచ్చు. చలికాలంలో ఎరువు మానాలి, నీరు తగ్గించాలి.

చలికాలం

ఈ మొక్క మంచుకు తాళదు. 10 డిగ్రీల సెల్సియస్ కంటె తక్కువ చలి తగలనీయకూడదు. జూన్ నుండి ఆగస్టు వరకు బయట నీడలో ఉంచి, సెప్టెంబరులో రాత్రులు చల్లబడక ముందే లోపలికి తేవాలి. రేడియేటరు ప్రక్కన పెట్టరాదు.

పూచే రాత్రి

ఆకులవలె కనిపించేవి నిజానికి చదునైన కాండాలు. వాటి అంచుల నుండి మొగ్గలు పుడతాయి. మొగ్గ వచ్చాక కుండీని కదిలించినా, మట్టి పూర్తిగా ఎండినా మొగ్గ రాలవచ్చు. వ్రేలాడే మొగ్గ మెడ వంచి పైకి లేచి ఉబ్బినదంటే పూచే రాత్రి దగ్గరపడినట్లే. జూన్, జూలై నెలలలో ఇక్కడ చీకటి ఆలస్యంగా పడుతుంది కనుక పూర్తిగా విచ్చేసరికి అర్ధరాత్రి కావచ్చు. పిల్లలను నిద్రలేపి చూపండి. కొందరు పువ్వును కోసి దేవునికి సమర్పిస్తారు. మరికొందరు మొక్కవద్దనే దీపం వెలిగిస్తారు.

కొత్త మొక్క

వసంతంలో జానెడు కాండం కోసి, కోసిన చోటు ఆరేలా కొన్ని రోజులు నీడలో ఉంచాలి. తరువాత క్రింది కొసను రెండంగుళాలు మట్టిలో నాటాలి. పూయడానికి కొన్నేండ్లు పట్టవచ్చు.

మారిషస్ నుండి గాని, భారతదేశం నుండి గాని బంధువుల ఇంటి కొమ్మను పెట్టెలో పెట్టుకొని తేరాదు. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. పైగా కాక్టస్ జాతులకు సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందపు అనుమతులు కూడా అవసరం. ఇక్కడే పెంచుతున్న వారిని ఒక కొమ్మ అడగడం సులభం. మీ మొక్క పెరిగాక మరొకరికి మీరూ ఇవ్వండి.

పదపరిచయం

మొగ్గ: ఇంకా విచ్చని పువ్వు.
విచ్చుట: రేకులు తెరచుకొనుట.
వాడుట: తాజాతనం పోయి వ్రాలుట.
జానెడు: చాచిన బొటనవ్రేలి నుండి చిటికెన వ్రేలి వరకు గల పొడవు.