సేవగా మారిన విద్యుత్తు: ఇంటి ఛార్జింగు, బహిరంగ ఛార్జింగు వ్యయభేదం

భారతదేశంలో ఎలక్ట్రిక్ కారును ఇంటివద్ద ఛార్జి చేసుకోవడం కంటే బహిరంగ ఫాస్ట్ ఛార్జింగు కేంద్రంలో ఛార్జి చేసుకోవడం సాధారణంగా ఖరీదైనది. ఇందుకు యంత్రాల ధర, స్థలపు అద్దె, డిమాండ్ ఛార్జీలు కారణాలుగా కనిపిస్తాయి. అయితే ఈ భేదానికి చట్టపరమైన చరిత్ర కూడా ఉంది.

విద్యుత్ చట్టం, 2003 ప్రకారం విద్యుత్ వ్యాపారానికి లైసెన్సు అవసరం. వాహనాన్ని ఛార్జి చేయడం విద్యుత్ విక్రయం కాదనీ, అది ఒక సేవ అనీ 2018 ఏప్రిల్ 13న కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ స్పష్టం చేసింది. దానితో లైసెన్సు లేకుండానే ఛార్జింగు కేంద్రాలను నెలకొల్పే వీలు కలిగింది.

కాగా, సేవ అన్న ఆ భావనే పన్ను చర్చలోనూ నిర్ణాయకమైంది. ఇంటికి సరఫరా అయ్యే విద్యుత్తుపై వస్తు సేవల పన్ను లేదు. బహిరంగ ఛార్జింగు మాత్రం సేవ కనుక దానికి 18 శాతం పన్ను వర్తిస్తుందని 2023లో కర్ణాటక అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ తేల్చింది. అంటే వంద రూపాయల ఛార్జింగుకు వినియోగదారుడు 118 రూపాయలు చెల్లించాలి.

ఈ భారం ప్రధానంగా సొంత పార్కింగు లేని అద్దె ఇళ్లవారిపైనే పడుతుంది. బహిరంగ కేంద్రాల స్థాపనకు మార్గం సుగమం చేసిన నిర్వచనమే, వాటిపై ఆధారపడక తప్పనివారికి వ్యయాన్ని పెంచింది.