అడుగు నుంచి చదివే జాబితా

సంక్రాంతి వెళ్ళి నెల తిరక్కముందే మా వూళ్ళో ఎండ చురుక్కుమంటుంది. డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టుకునే రోజులు. సరిగ్గా అప్పుడే, నాలుగేళ్ళకోసారి, ఎక్కడో మంచుకొండల మధ్య శీతాకాలపు ఒలింపిక్స్ మొదలవుతాయి. కాకుల కాపలాకి మనవణ్ణి డాబా మీదికి తోలేసి నేను టీవీ ముందు చేరతాను.

"నీకూ మంచుకీ ఏమిటోయ్ సంబంధం?" అంటారు మావారు. నిజమే. చిన్నప్పుడు పెళ్ళిళ్ళకి రంపపుపొట్టు కప్పి గోనెలో చుట్టి తెచ్చే ఐసుదిమ్మా, యిప్పుడు ఫ్రిజ్‌లో గడ్డలూ! నాకు తెలిసిన మంచు అంతే. అయినా చూస్తాను. చూడ్డంలో మా పద్ధతి వేరు. చలిదేశాలవాళ్ళు ఫలితాల జాబితా పైనుంచి చదువుతారు. మేం అడుగు నుంచి చదువుతాం. వెనకటికి పేపర్లో పదో తరగతి ఫలితాలు వస్తే ఫస్టు క్లాసు వదిలేసి మూడో క్లాసులో మన పిల్లాడి నంబరు వెతుక్కునేవాళ్ళం చూడండి, అలాగన్నమాట.

ఆ జాబితాలో మన దేశం పేరు మొదట కనిపించింది 1964లో, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ ఆటల్లో. ఆటగాడి పేరు జెరెమీ బుజకోవ్‌స్కీ. అచ్చుతప్పు అనుకోకండి. పోలండులో పుట్టి మన దేశం తరఫున స్కీయింగ్‌కి దిగిన మనిషి. 1968లో గ్రెనోబుల్‌కీ ఆయనొక్కడే వెళ్ళాడు. ఆ తర్వాత యిరవై యేళ్ళు మనవాళ్ళ పేరే లేదు.

1988లో కెనడాలోని కాల్గరీకి ముగ్గురు వెళ్ళారు. వాళ్ళలో ఒకామె శైలజా కుమార్. శీతాకాలపు ఒలింపిక్స్‌లో ఆడిన మొదటి భారతీయ మహిళ ఆమే. ఆమె పోటీ స్లాలం. నిటారు మంచువాలు మీద పాతిన కర్రల మధ్యనుంచి మెలికలు తిరుగుతూ దిగాలి, అదీ రెండుసార్లు. ఒక్క కర్ర దాటవలసినట్టు దాటకపోయినా పోటీలోంచి అవుటే. ముగ్గులో ఒక్క చుక్క తప్పినందుకు ముగ్గంతా చెరిపేసినట్టు! పడిపోయినవాళ్ళకి స్థానమే వుండదు. శైలజ పడకుండా రెండుసార్లూ దిగింది. 28వ స్థానం.

ఆ ఆటల్లోనే ఎండదేశం జమైకా నుంచి నలుగురు కుర్రాళ్ళు బాబ్‌స్లెడ్ పోటీకి వచ్చి, బండి తిరగబడితే దాని పక్కన నడుచుకుంటూ గమ్యం చేరారు. వాళ్ళ మీద 1993లో హాలీవుడ్డు సినిమా తీసింది, లోకమంతా చూసింది. బాగానే వుంది, నేనూ చూశాను. కాని శైలజ పేరు మన వీధిలో ఎందరికి తెలుసు? నాకే చాలా యేళ్ళ తర్వాత తెలిసింది. అప్పటికి మా అమ్మాయి కాలేజీకి వెళుతోంది.

ఇక మా యింటిల్లిపాదీ అభిమానించినవాడు శివ కేశవన్. మనాలి కుర్రాడు. తండ్రిది కేరళ, తల్లిది ఇటలీ. 1998లో జపాన్‌లోని నగానో ఆటలకి పదహారేళ్ళ వయసులో, మన దేశం తరఫున ఒక్కడే వెళ్ళాడు. అతనికీ 28వ స్థానమే. అతని ఆట ల్యూజ్. పీటంత బల్ల మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళు ముందుకి పెట్టి, ఐసు కాలవలో గంటకి 130 కిలోమీటర్ల పైన జారడం. బ్రేకులుండవు. పిక్కలతో, భుజాలతో అదిమి మలుపు తిప్పుకోవాలి. లాస్ ఏంజిలిస్‌లో 1984లో మన ఉషకి పతకం సెకనులో నూరోవంతులో పోయిందని యేడ్చాం గదా, యిక్కడ లెక్క వెయ్యోవంతులో.

మన దేశంలో అలాంటి కాలవ యెక్కడిది? బల్లకి చక్రాలు బిగించి కొండరోడ్ల మీద, లారీల పక్కనుంచీ గొర్రెలమందల మధ్యనుంచీ జారి సాధన చేశాడు. అలా 2018 వరకూ ఆరు ఒలింపిక్స్ ఆడాడు. అన్నిట్లోకీ మేలైనది 2006లో ట్యూరిన్‌లో, 25వ స్థానం.

2014 సంగతి మాత్రం నాకింకా కడుపులో మండుతూనే వుంది. రష్యాలోని సోచీలో ఫిబ్రవరి 7న ప్రారంభోత్సవం. రాత్రి భోజనాలయ్యాక అందరం కూర్చున్నాం. ఒక్కో దేశం జెండా పట్టుకుని వస్తోంది. మనవాళ్ళు ముగ్గురు వచ్చారు. "అమ్మాయ్, మన జెండా ఏదీ?" అన్నారు అత్తయ్యగారు.

లేదు. మన ఒలింపిక్ సంఘం ఎన్నికల గొడవల వల్ల అంతర్జాతీయ సంఘం 2012 డిసెంబరులో దాన్ని సస్పెండ్ చేసింది. పిల్లలు ఒలింపిక్ జెండా వెనక నడిచారు. పెద్దలు పొయ్యి ఆర్పేస్తే పిల్లలు పస్తున్నట్టు. ఆ ప్రాక్టీసులోనే కేశవన్ బల్ల మీంచి జారిపడి, ఆ వేగంలోనే మళ్ళీ దాని మీదికి యెక్కాడు. అతని పోటీ 8, 9 తేదీల్లో. ఢిల్లీలో సంఘానికి కొత్త ఎన్నికలు జరిగింది 9న. సస్పెన్షన్ ఎత్తేసింది 11న. రెండు రోజులు! సోచీలో మన జెండా ఎగిరేసరికి అతను ఆడవలసింది ఆడేశాడు. ఆ వారమంతా మావారు పేపరు తెరిస్తే నేను విసుక్కున్నాను, పాపం ఆయన చేసిన తప్పేమీ లేకపోయినా.

2022లో బీజింగ్‌కి గుల్మార్గ్ కుర్రాడు ఆరిఫ్ ఖాన్ ఒక్కడే ఆడటానికి వెళ్ళాడు. ఈసారి జెండా వుంది, అతనే పట్టుకున్నాడు. కాని గల్వాన్ ఘర్షణలో పాల్గొన్న చైనా సైనికాధికారి చేత ఒలింపిక్ జ్యోతి పట్టించారని మన ప్రభుత్వం నిరసన తెలిపింది, దూరదర్శన్ ప్రారంభోత్సవం ప్రసారం చెయ్యలేదు. నిరసన సబబే, కాదనను. మర్నాడు ఆరిఫ్ జెండా పట్టుకున్న ఫొటో దొరికింది. అత్తయ్యగారికి చూపించాను. కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"అంత చలిలోకి ఒక్కణ్ణే పంపారుటే?" అన్నారు.

వారం తర్వాత జెయింట్ స్లాలంలో అతను 45వ వాడు. ఆ సాయంత్రం జాబితా అడుగు నుంచి మొదలుపెట్టాను. ఇట్టే దొరికాడు.