ఎత్తని ఫోన్‌కి జవాబు

సాయంత్రం ఆరు దాటింది. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి, హాస్టల్ కరపత్రాలు చేతిలో పెట్టే కుర్రాళ్లను తప్పించుకుని సందులోకి తిరగండి. మూడో అంతస్తులో ఒక కోచింగ్ సెంటర్. గోడ నిండా గ్రూప్స్, బ్యాంకు, కానిస్టేబుల్ పరీక్షల ఫ్లెక్సీలు. కౌంటర్‌లో ఇద్దరమ్మాయిలు, రెండు ఫోన్లు. ఇద్దరూ మాట్లాడుతూనే ఉన్నారు. మూడో కాల్ వస్తోంది.

అది మీ చెవికి వినపడదు, తెర మీద చూడాలి. కౌంటర్ కింద ఉన్న చిన్న కంప్యూటర్లో ఆస్టరిస్క్ నడుస్తోంది. 1999లో అమెరికాలో మార్క్ స్పెన్సర్ రాసి అందరికీ ఉచితంగా వదిలిన టెలిఫోన్ ఎక్స్ఛేంజి అది. రాగి తీగ లేదు. కాల్ ఇంటర్నెట్ మీదే వస్తుంది. నల్ల తెర మీద తెల్ల వరసలు పరుగెత్తి ఆగిపోయాయి. చివర ‘క్యాన్సిల్’ అని పడింది. అవతలి మనిషి చూసి చూసి పెట్టేశారు.

“ఇగో, గీడనే పట్టుకోవాలె సార్,” అంటాడు టెక్నీషియన్ తమ్ముడు, నేల మీద బాసింపట్టు వేసుకుని.

ఎవరూ ఎత్తకుండా గడువు అయిపోతే ఒక ఫలితం, లైన్ బిజీగా ఉంటే ఇంకొకటి, విసిగి పెట్టేస్తే ఈ క్యాన్సిల్. మొదటి రెంటికే ‘ఫోన్ ఎత్తలేకపోయాం’ అని మెసేజ్ పెట్టి మూడోదాన్ని మరిచిపోయే ఎక్స్ఛేంజీలు ఉంటాయి. నా లెక్కలో అసలు చూసుకోవాల్సింది ఆ మూడోవాళ్లనే. ఫోన్ పెట్టేశాక కూడా ఒక పని చేసే వీలు ఆస్టరిస్క్‌లో ఉంది. ఆ చోట తమ్ముడు రెండు వరసలు రాసి ఉంచాడు: నంబరు తీసుకో, మెసేజ్ పంపే సంస్థకు అందించు. నంబరు మొబైలా, ల్యాండ్‌లైనా అన్నది ముందే తేల్చుకోవాలి, మెసేజ్ చేరేది మొబైల్‌కే కదా. నల్లగొండ కోడు 08682, ఖమ్మం 08742. సున్నా తీసేస్తే అవీ ఎనిమిదితో మొదలయ్యే పది అంకెలే, చాలా మొబైళ్లలాగే.

కంప్యూటర్ నుంచి మొబైల్‌కి అక్షరాలు పోవడం కొత్త సంగతేమీ కాదు. 1992 డిసెంబరు 3న ఇంగ్లండ్‌లో నీల్ పాప్‌వర్త్ పంపిన తొలి ఎస్సెమ్మెస్ కూడా ఈ దారినే వెళ్లింది. హైదరాబాద్ కంపెనీ ఓజోనెటెల్ ‘కూకూ’ పేరుతో ఫోన్‌నీ మెసేజ్‌నీ కలిపే ఏర్పాటును ఇంటర్నెట్ మీద అందించింది. ఇక్కడ మాత్రం ఆ కలిపే పని ఈ కౌంటర్ కిందే.

మధ్యలో ఒక తనిఖీ ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం పంపే సంస్థ, పైన కనపడే పేరు, మెసేజ్‌లోని వాక్యం మూడూ డీఎల్‌టీ అనే నమోదు వేదికలో ముందే నమోదై ఉండాలి. వాక్యం తేడా వస్తే మెసేజ్ పోదు. 2021 మార్చి 8న ఈ తనిఖీ గట్టిగా మొదలైనప్పుడు ఓటీపీలే ఆగిపోయాయి, మర్నాడే వారం వాయిదా వేశారు. ఇన్ని చిక్కులెందుకు, మామూలు సిమ్‌లతోనే మెసేజ్‌లు పంపే సిమ్ బాక్స్ పెట్టుకుంటే చవక కదా అని తమ్ముడిని అడిగినవాళ్లున్నారు. “అది దొంగదారి సార్. నేను ముట్ట.”

తెర మీద, ఇందాక క్యాన్సిల్ పడిన నంబరు పక్కన ‘డెలివర్డ్’ అని పడింది. అమ్మాయిల్లో ఒకరు ఫోన్ ఖాళీ కాగానే ఆ నంబరుకి కలిపి స్పీకర్ పెట్టారు. ముందు హారన్లు, సూర్యాపేట సూర్యాపేట అన్న కేక, ఆ వెనుక ఒకామె గొంతు.

“ఎల్బీనగర్ కాడ ఉన్న బిడ్డా, బస్సు కోసం. నువ్వేనా మెసేజ్ పెట్టింది? ఇంగ్లీషుల ఉంది, నాకు సదవరాదు.”

మూడు మెట్రో స్టేషన్ల దూరం. సెకన్లలో అందింది, అయినా అందలేదు.

తెలుగులో ఎందుకు పెట్టలేదంటే ఖర్చు. ఇంగ్లీషయితే ఒక మెసేజ్‌లో 160 అక్షరాలు, తెలుగయితే 70. గుడి, కొమ్ము, పొల్లు అన్నీ విడివిడిగా లెక్క. తెలుగుకి 150కి పైగా ఇమిడే పట్టిక అంతర్జాతీయ ప్రమాణంలో ఉంది, బిల్లు మాత్రం 70 లెక్కనే వస్తోంది. ఇది మారి తీరాలి.

ఆమెతో మాట్లాడటం అయ్యాక అమ్మాయి కాగితం మీద రాసింది: “నమస్తే. మీ ఫోన్ అందుకోలేకపోయాం. గంటలో మేమే చేస్తాం. దిల్‌సుఖ్‌నగర్ ఆఫీసు”. తమ్ముడు కంప్యూటర్లో కొట్టి చూశాడు. చుక్కలు, ఖాళీలతో కలిపి 72. రెండు ఎక్కువయ్యాయి, అంటే రెండు మెసేజ్‌ల డబ్బు. దిల్‌సుఖ్‌నగర్ అన్న ఒక్క పేరుకే 14, అందులో రెండు కంటికి కనపడనివి. లకి స, ఖకి న ఒత్తుగా అతుక్కోకుండా ఆపే గుర్తులు. అవి తీసేస్తే సరిగ్గా సరిపోతుంది.

“ఊరి పేరు ఖరాబు చెయ్యకు అన్నా,” అని అమ్మాయి కాగితం లాక్కుంది. ‘అందుకోలేకపోయాం’ కొట్టేసి ‘ఎత్తలేకపోయాం’ అని రాసింది. 70.

తమ్ముడు ఆ వాక్యాన్ని నమోదుకి పంపాడు, భాష దగ్గర యూనికోడ్ ఎంచుకుని. ఆమోదం వచ్చేదాకా పాత ఇంగ్లీషు మెసేజే వెళ్తుంది. అందుకని క్యాన్సిల్ పడిన ప్రతి నంబరుకీ అప్పటిదాకా తామే ముందు ఫోన్ చేయాలని ఇద్దరమ్మాయిలూ కౌంటర్ రిజిస్టర్లో రాసుకున్నారు.